సాబిరా ఓర్పు

నా చిన్నప్పుడు మద్రాసు పురసవాక్కంలో మా పక్క పోర్షనులో చీరలకు జరీ పని చేసే ఒకమ్మ ఉండేది. ఆమె కూతురు సాబిరా నా ఈడుది. నాతో ఆడీ ఆడీ తెలుగు నేర్చేసింది. ఆ పేరు నాకు వింతగా ఉండేది. అడిగితే, అరబ్బీలో ఓర్పు గలదని అర్థమని వాళ్ళమ్మ చెప్పింది. బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపించి, ఏడో నాడు పేరు పెట్టారట. కష్టంలో ఓర్చుకునేవాళ్ళకు దేవుడు తోడుంటాడని వాళ్ళ నమ్మకం. అందుకే వాళ్ళ తాత ఏరికోరి ఆ పేరు పెట్టాడట.

ఆమె నాకు చెప్పకపోయి ఉంటే బాగుండేది. ఎనిమిదేళ్ళ రాక్షసిని నేను. ఆ ఓర్పు ఎంతుందో చూడాలని బుద్ధి పుట్టింది. మొదట గిల్లాను. తర్వాత సూదితో పొడిచాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, నీ పేరేంది, నువ్వు ఏడవొచ్చునా అని దబాయించేదాన్ని. ఆ పిచ్చిపిల్ల నిజమే కాబోలనుకుని ఏడుపు మింగేది. ఒకరోజు వాళ్ళమ్మ చీరలు ఇచ్చి రావడానికి పోయినప్పుడు, వేడిగా ఉన్న ఇస్త్రీ పెట్టె అంచు దాని మణికట్టుకు ఆనించాను. బొబ్బ లేచింది. పెదవి కొరుక్కుంది గానీ కిక్కురుమనలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకు సంబరమైంది.

మా అవ్వ గడపలో నిలబడి చూసింది. కేకలు వేయలేదు. సాబిరా చేతిని బకెట్ నీళ్ళలో ముంచి, నన్ను దగ్గరికి లాక్కుని, నా పేరుకు అర్థమేందని అడిగింది. ఎప్పుడూ నవ్వే పిల్ల అన్నాను. తొడపాశం పెట్టింది.

“నవ్వు” అంది.

నేను గుక్కపట్టి ఏడుస్తుంటే ఇంకా మెలితిప్పింది. నవ్వమంటిని గదా, పేరు ఊరికే పెట్టినామా అంది. చివరికి సాబిరాయే తడి చేత్తో మా అవ్వ చెయ్యి పట్టుకుని లాగింది. అప్పుడు అవ్వ నన్ను వదిలి అంది:

“బారసాలనాడు బియ్యంలో నీ పేరు రాసి, ఈ బిడ్డ నవ్వుతా బతకాలని దేవుణ్ణి అడిగినాం. వాళ్ళు ఓర్పు ఇమ్మని అడిగినారు. అడిగింది దేవుణ్ణి. పరీక్ష పెట్టేదానికి నువ్వెవతివే?”

నా తొడ మీది నలుపు వారానికి పోయింది. సాబిరా వాళ్ళమ్మతో తానే కాల్చుకున్నానని చెప్పింది.

పోయిన నెల ఆ తల్లి కన్నుమూసింది. వెళ్ళాను. సాబిరా కూడా నాలాగే ముసలిదైపోయింది. పొడి కళ్ళతో వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తోంది. మణికట్టు మీద మచ్చ అట్లే ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని ఏడువమన్నాను.

“రావడం లేదే. చిన్నప్పుడే మానుకున్నా గదా” అంది. అందులో నిష్ఠూరం కూడా లేదు.

మనవరాలికి ఇంజెక్షన్ వేయించేటప్పుడు నర్సమ్మ ఓర్చుకో పాపా అంటుంది. నేను దాన్ని ఒళ్ళో గట్టిగా పట్టుకుని, ఏడువమ్మా అంటాను, నీకు ఎంత వస్తే అంత ఏడువు.