ఇంట్లో ఎన్ని ఓట్లు?

మొన్నటి ఎన్నికలకు ముందు ఒకరోజు పొద్దున్నే గేటు చప్పుడైతే, వాకిట్లో నీళ్ళు చల్లుతున్న చెంబుతోనే వెళ్ళి తీశాను. మెడలో కండువా, చేతిలో కరపత్రాల కట్ట ఉన్న ఒకాయన నన్ను చూసీ చూడనట్టు చూసి, నా భుజం మీదుగా ఇంట్లోకి తొంగి, "సార్ లేరా మేడమ్?" అన్నాడు. సార్ గడ్డం గీసుకుంటున్నారని చెప్పాను. అయితే నాతోనే సరిపెట్టుకుందామనుకున్నాడేమో, "ఇంట్లో ఎన్ని ఓట్లు?" అని అడిగాడు. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వు ఎక్కడో గోరంట్ల అవతల, గాలికి వేరుశనగ పొట్టు లేచిపోయే ఒక పెద్ద పెరట్లోంచి బయలుదేరి, ఇన్నేళ్ళు దాటుకుని వచ్చింది. పాపం, ఆయన అయోమయంగా నిలబడిపోయాడు. ఆయనకు నేనేం చెప్పానో తర్వాత చెబుతాను, ముందు మిమ్మల్ని ఆ పెరట్లోకి తీసుకుపోవాలి.

తొంభైల చివర్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చి, గోరంట్ల నుంచి లోపలికి పోవాల్సిన ఒక పల్లెలో వేశారు. పక్క ఊరే మా పెద్దమ్మది. పెళ్ళికాని పిల్ల గది తీసుకుని ఒక్కతే ఉండడమేమిటని మా నాయన నా ట్రంకుపెట్టె మోసుకొచ్చి మరీ ఆ ఇంట్లో దింపిపోయాడు. పెద్ద ఇల్లు, పెద్ద పేరు, ఎంత పొలమున్నా వానను నమ్ముకున్న సేద్యమే. ఆ ఎత్తు మీద ఆషాఢంలో గాలి ఎట్లా వీస్తుందో మీలో అటువైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు. మబ్బులు మా మీదుగా ఎవరి ఊరికో పోతుంటే, మేము మిద్దెమీద నిలబడి వాటిని సాగనంపేవాళ్ళం. మధ్యాహ్నాలు ఎంత నెమ్మదిగా గడిచేవంటే, సంగటి తిని కునుకు తీసి లేచి చూసినా ఎండ అక్కడే, వేపచెట్టు నీడ అక్కడే ఉన్నట్టుండేది.

ఆ ఇంట్లో ఆడవాళ్ళు నడివీధిలో నడవకూడదు. ఎవరు పెట్టిన కట్టుబాటో ఎవరికీ తెలియదు. దేవుడి దగ్గరికి పోవాలన్నా, పురుటింటికి పోవాలన్నా వెనక తలుపు తీసుకుని, గడ్డివాముల మధ్య సందులోంచి పోవాలి, దూరమైతే జీపులో పరదా దించుకుని పోవాలి. నేను బడికి పోయేదాన్ని కాబట్టి నాకు మినహాయింపు, ఉద్యోగస్తురాలిని అన్నమాట. బడిలో నేను చెప్పేది సాంఘికశాస్త్రం. ఫలానా దేశాల్లో ఆడవాళ్ళు ఓటు కోసం వీధుల్లోకి వచ్చారనీ, జైళ్ళకు పోయారనీ, మనకు మాత్రం రాజ్యాంగం రాసుకున్న నాడే అందరికీ సమానంగా వచ్చేసిందనీ నల్లబల్ల ముందు నిలబడి గొంతెత్తి చెప్పేదాన్ని. సాయంత్రం ఇంటికొస్తే, పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఓటున్నా ఓటు కాగితం మొహమైనా చూడని మా పెద్దమ్మ నాకు కాళ్ళకు నీళ్ళిచ్చేది.

ఎన్నికలొస్తే ఎవరో ఒక నాయకుడు జీపు దిగి, అరుగు మీద కూర్చుని, "ఇంట్లో ఎన్ని ఓట్లన్నా?" అని అడిగేవాడు. పెద్దనాయన కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే, "ఇంట్లోవన్నీ నీవే పోప్పా" అనేవాడు. ఓట్ల రోజున మగవాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళేవారు. మధ్యాహ్నానికి ఎవరో వచ్చి, మీ ఓట్లు కూడా అయిపోయాయని వంటింటి గడప దగ్గర చెప్పి పోయేవారు. అవి ఎట్లా అయ్యేవో మన తరం వాళ్ళకు విడమరచి చెప్పాలా? పెద్దమ్మ సరేనని పొయ్యిలోకి ఇంకో కట్టె ఎగదోసేది. అందులో అన్యాయమేదో ఉందని ఆమె అనుకున్నట్టు కూడా నాకు కనబడేది కాదు, అదే నాకు ఒళ్ళుమంటగా ఉండేది.

విత్తనం వేసే ముందు ఆ పెరడంతా ఆడవాళ్ళతో నిండిపోయేది. మిషన్లో వేస్తే గింజ దెబ్బతింటుందని విత్తనపు కాయలు చేత్తోనే ఒలిపించేవారు. గుట్టగా పోసిన వేరుశనగ చుట్టూ కూర్చుని, ఒలుస్తూ, మాట్లాడుకుంటూ, నాలుగు గింజలు నోట్లో వేసుకుంటూ ఉండేవాళ్ళు. పెద్దమ్మ కూడా పీట వేసుకుని వాళ్ళ మధ్యే కూర్చునేది. ఆమెకు ఊరి కబురంతా అక్కడే తెలియాలి. వాళ్ళలో ఒకామెను నేను గొర్రెలత్త అనేదాన్ని, మంద తోలుకుని మొగుడు కొండల వెంట తిరుగుతుంటే ఇల్లూ కూలీ నెట్టుకొచ్చేది. ఆమె నోటికి ఎదురులేదు. ఒకరోజు ఓట్ల మాట వచ్చినప్పుడు, ట్రాక్టరు ఎక్కించుకుని పోయి ఎవరికి వేయాలో దారిపొడుగునా చెబుతారు కదా, మరి వాళ్ళు చెప్పినట్టే వేస్తావా అని పెద్దమ్మ అడిగింది. గొర్రెలత్త పొట్టు ఊదేసి నవ్వింది. "చెప్పేటోళ్ళు ట్రాక్టరులో చెప్తారక్కా. ఓటు గుద్దే కాడ అడ్డం పెట్టిన ఆ అట్ట సాటుకు పోతే ఇంగ ఎవురుంటారు? నువ్వూ, కాగితమూ, అంతే."

పెద్దమ్మ చేతిలోని కాయ ఒలవకుండా అట్లాగే ఉండిపోయింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఇంటినిండా జనం, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు, నిద్రలో కూడా పక్కన ఎవరో పిల్ల. ఆమె ఒక్కతే ఒకచోట ఉండి, తన ఇష్టం ఏమిటో తననే అడుక్కునే చోటు ఒకటి ఈ లోకంలో ఉందని, అది మన ఊరి బడిలోనే ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం మిద్దెమీద ఆరేసిన బట్టలు తీస్తూ, ఆ అట్ట ఎంత ఎత్తుంటుందని నన్ను అడిగింది. రొమ్ముదాకా ఉంటుందని, వంగితే తల కూడా కనబడదని చెప్పాను. మంచిదేలే అంది.

రెండువేలు దాటిన కొత్తలో పంచాయతీ ఎన్నికలు వచ్చి, ఆ ఊరి సర్పంచి స్థానం ఆడవాళ్ళకు పోయింది. పెద్దనాయనకు మొదట కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. దానికేముందిలే, ఇంట్లోనే ఉంది కదా ఆడమనిషి అన్నాడు. పెద్దమ్మ సంగటి కెలుకుతుంటే కాగితాలు వంటింట్లోకే తెచ్చి సంతకం పెట్టించుకుపోయారు. ఆమె గుర్తు ఉంగరం. గోడల మీద అంటించిన కాగితాల్లో మాత్రం పెద్దనాయన మీసాలతో సహా నవ్వుతుండేవాడు. కింద చిన్న అక్షరాల్లో పెద్దమ్మ పేరు, "గారి సతీమణి" అన్న మాటకు అవతల. ఓటడగడానికి కూడా ఆయనే తిరిగాడు. పోటీ ఎవరో తెలుసా? గొర్రెలత్త! నీళ్ళ ట్యాంకరు పెద్దిళ్ళ వీధి దాటి రాదని, పొలాల్లోని మోటారు దాకా బిందెలు మోయలేక చస్తున్నామని, ఒలుపుకు వచ్చే ఆడవాళ్ళే కూడబలుక్కుని ఆమెను నిలబెట్టారు, గుర్తు కత్తెర.

మీరు నమ్మరు గానీ, ఆ ఏడు వానలు వెనకబడి విత్తనం పని ఇంకా మిగిలే ఉండడంతో, సర్పంచికి నిలబడ్డ ఆ ఇద్దరూ ఒకే గుట్టకు అటొకరు ఇటొకరు కూర్చుని కాయలు ఒలిచారు. ముందర అరుగు మీద మగవాళ్ళు గుసగుసలాడుతుంటే, వెనక పెరట్లో గొర్రెలత్త తనకు పోటీగా ఉన్న మనిషికే ఓటు వేయడం నేర్పింది. పాత క్యాలెండరు కాగితం మీద, సీసా మూతకు కుంకుమ అద్ది గుద్దించి, సిరా అవతలి గుర్తుకు అంటకుండా ఎట్లా మడవాలో చూపించింది. "అట్ల గాదక్కా, నిలువుకు మడుసు, నా కత్తెరకు అంటుతాది సూడు" అని కసురుకుంటే, పెద్దమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆమె అంత నవ్వగా నేను ముందెప్పుడూ చూడలేదు.

ఓట్లకు ముందురోజు, పెద్దనాయనకు భోజనం వడ్డిస్తూ, రేపు నేను పోతానంది. యాడికని అడిగాడాయన. ఓటుకని చెప్పింది. నీ ఓటు యాడికి పోతాది, అదే అయిపోతాదిలే అని ఆయన ఊరుబిండి పచ్చడి కలుపుకున్నాడు. పెద్దమ్మ గరిటె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడింది. ఆయన మాటకు ఆ ఇంట్లో ఎవరూ ఎదురు నిలబడి ఎరగరు. "నా పేరు మీద నిలబెట్టినావు గదా. నా ఓటు నా చేత్తో ఏసుకుంటా" అంది. ఆయన నములుతున్నవాడల్లా ఆగాడు. చివరికి, జీపు పంపిస్తాలే అన్నాడు.

జీపు వచ్చింది, వాకిట్లో నిలబడింది, పెద్దమ్మ దాని పక్కనుంచి నడిచిపోయింది. ముందర తలుపులోంచి దిగి, నడివీధిలోకి. నేను ఆమె వెనకే. గాలికి దుమ్ము లేస్తోంది, ఆమె కొత్త చీర కొంగు ఎగురుతోంది, రచ్చకట్ట మీది ముసలాళ్ళు లేచి నిలబడి ఎటు చూడాలో తెలియక చెప్పులు చూసుకుంటున్నారు. ఆమె మాత్రం ఏ తొందరా లేకుండా అటు ఇటు చూస్తూ, ఇది ఎవరిల్లు, అది ఎవరిల్లు అని నన్ను అడుగుతూ నడిచింది. కాపురానికొచ్చిన ఊరిని ఆమె అన్నేళ్ళకు మొదటిసారి ముందు వైపునుంచి చూస్తోంది. ఆ వీధి ఇప్పటికీ నాకు కలలో వస్తుంది, దాంట్లో ఎండ ఉంటుంది గానీ వేడి ఉండదు.

నా ఓటు మా ఊర్లో కాబట్టి నేను కిటికీ బయట నిలబడ్డాను. సిరాచుక్క పెట్టే అమ్మాయికి పెద్దమ్మ కుడిచెయ్యి చాపింది. ఎడమచెయ్యి అమ్మా అని ఆ అమ్మాయి అంటే, ఇంత మంచి పనికి ఎడమచెయ్యి ఇస్తారా ఎవరైనా అని పెద్దమ్మ ఒప్పుకోలేదు. వరసలో వాళ్ళంతా నవ్వి, నచ్చజెప్పి ఇప్పించారు. తర్వాత ఆమె అట్ట చాటుకు పోయింది. పోయినామె ఎంతకూ రాదే! పెద్దనాయన తరఫున కూర్చున్న మనిషి కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. అయిందా అమ్మా అని లోపలి అధికారి పిలిచాడు. "ఉండు నాయనా, ఇప్పుడే గదా వచ్చినా" అని అట్ట వెనకనుంచి వినబడింది. బయటికొచ్చాక ఆమె మొహం కడుక్కున్నట్టుగా ఉంది.

ఉంగరం ఓడిపోయింది, కత్తెర గెలిచింది, తేడా కూడా కొంచెమే. పెద్దనాయన నిప్పులు చెరిగాడు. పాలేర్లను అనుమానించాడు, అన్నదమ్ముల్ని అనుమానించాడు, ఓటే లేని నన్ను కూడా అనుమానించాడు. పెద్దమ్మను అనుమానించాలని మాత్రం ఆయనకు చాలా రోజులు తోచలేదు. ఆమె ఆ వేలికి పసుపు తగలకుండా జాగ్రత్తపడుతూ, గోరు పెరుగుతుంటే ఆ మచ్చ పైకి జరగడం చూసుకుంటూ పనిచేసుకునేది. ఒక మధ్యాహ్నం ఉయ్యాలబల్ల మీద ఊగుతున్న ఆయన హఠాత్తుగా కాలు నేలకు తన్నిపెట్టి, "ఏమే, నువ్వు దేనికేసినావు?" అన్నాడు. పెద్దమ్మ చేటలోని బియ్యంలోంచి తల ఎత్తలేదు. "ఆడ అట్ట చాటున ఏసింది ఈడ చెప్పేటట్లైతే, ఇంగ అట్ట దేనికి?" అంది. ఉయ్యాల మళ్ళీ ఊగలేదు.

కొళాయి గొర్రెలత్త వాళ్ళ వీధికీ వచ్చింది, మా సందు చివరికీ వచ్చింది. గొర్రెలత్తను సర్పంచి కుర్చీలో కూర్చోనివ్వడానికి మగవాళ్ళు ఎన్ని తిప్పలు పెట్టారో, అది ఇంకో పెద్ద కథ. ఆ తర్వాతి పెద్ద ఎన్నికలకు అలవాటు ప్రకారం నాయకుడు జీపు దిగాడు, అరుగు మీద కూర్చున్నాడు, ఇంట్లో ఎన్ని ఓట్లన్నా అని అడిగాడు. పెద్దనాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. లోపలి తలుపువైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, "నాదొకటి ఉండాదప్పా. తక్కినవి వాళ్ళనే అడుగు, నాకు తెలీదు" అన్నాడు. పరిహాసమనుకుని నాయకుడు పెద్దగా నవ్వి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. అప్పటికే పెద్దమ్మ తలుపు దాటి అరుగు మీదికి వచ్చి నిలబడి ఉంది. ఆ నాయకుడు లేచి ఆమెకు నమస్కారం పెట్టాల్సి వచ్చింది. పెద్దనాయనంటే నాకు అప్పటిదాకా భయమే ఉండేది, ఇష్టం మొదలైంది ఆ రోజే.

పెద్దమ్మా పెద్దనాయనా ఇద్దరూ పోయారిప్పుడు. ఆ పెరట్లో కాయలు ఒలిచేవాళ్ళు లేరు. మా వీధి ఆడపిల్లలు వేలిమచ్చ ఫొటో తీసి, ఎవరికి వేశారో కూడా రాసి, ఇంటికి రాకముందే లోకమంతటికీ చెప్పేస్తున్నారు. అది వాళ్ళ ధైర్యం, నాకు ముచ్చటగానే ఉంటుంది, అయినా ఆ అట్ట చాటున ఒక మనిషికి దొరికిన నిశ్శబ్దాన్ని తలచుకుంటే ఎందుకో దిగులు వేస్తుంది. పెద్దమ్మ ఆ రోజు దేనికి వేసిందో నాకూ చెప్పలేదు. నాకొక ఊహ ఉంది గానీ, అది ఆమె ఓటు, నేను చెప్పకూడదు.

గేటు దగ్గర ఆయనతో, "నాదొకటి ఉంది నాయనా, సార్‌ది సార్‌నే అడగాలి" అన్నాను. ఏం అర్థమైందో ఏమో, కరపత్రం నా చేతికి కాకుండా గేటు కమ్మీల మధ్య గుచ్చి, పక్కింటికి కదిలాడు. ఆ ఇంటావిడ, రోజూ బ్యాంకుకు పోయి పనిచేసి వచ్చే మనిషి, తలుపు తీసింది. చెంబులో మిగిలిన నీళ్ళు మల్లెచెట్టుకు పోస్తుంటే గోడ అవతలనుంచి ఆయన గొంతు వినబడింది. సార్ లేరా మేడమ్ అని అడుగుతున్నాడు.