నర్సింహమ్మ ఇంటికి తెచ్చిన గోలీ

పటాన్‌చెరులోని ఒక పంపుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట నర్సింహమ్మది. బిహార్ కుర్రాళ్లకు రొట్టెలు, ఇక్కడివాళ్లకు అన్నం పప్పుచారు, అందరికీ సమానంగా ఆమె గద్దింపు. పుట్టింది కిష్టారెడ్డిపేటలో, మెట్టిందీ ఆ ఊళ్లోనే. తండ్రి, ఆయన వెనకే పెద్దన్న, నడివయసు దాటకుండానే పేగుల్లో గడ్డ లేచి పోయారు. ఆ ఇంటికి శాపం తగిలిందని ఊరు తేల్చేసింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మకు వాళ్లు మొక్కని మొక్కు లేదు.

నలభై అయిదు దాటాక ఆమెకూ విరేచనంలో రక్తం పడింది. మొలలేలే అని సరిపెట్టుకుంది, సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు గంజి వారుస్తూ కళ్లు తిరిగి పడిపోతే కూతురు మహిత పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అదే గడ్డ. ఇంకా పేగు దాటలేదు గనుక కోసి తీసేశారు.

కోలుకుంటున్నప్పుడు డాక్టర్ నిషిత మంచం పక్కన కూర్చుని ఇంట్లో ఎవరు ఎట్లా పోయారో అడిగింది. రక్తపరీక్ష చేయించింది. ఫలితం చూసి, ఇది శాపం కాదని, తండ్రి నుంచి వచ్చిన జన్యులోపమని, తోడబుట్టినవాళ్లకూ పిల్లలకూ సగానికి సగం ఉండే అవకాశం ఉందని విడమరిచింది. ఇకమీదట పేగును కెమెరాతో క్రమం తప్పకుండా చూపించుకోవాలి. రోజూ ఆస్పిరిన్ వేసుకోవాలి.

నర్సింహమ్మకు నమ్మకం కుదరలేదు. "తలకాయ నొస్తే సూర్యారావు దుకాణంల కొనుక్కునే గోలీయేనా మేడమ్?"

"అదేనమ్మా. ఈ లోపం ఉన్నవాళ్లు ఏళ్లపాటు వేసుకుంటే పేగు క్యాన్సర్ వచ్చే అవకాశం సగం దాకా తగ్గుతదని తేలింది. రానే రాదని కాదు. కెమెరా పరీక్ష మానొద్దు. అందరికీ పడేది కూడా కాదు, కడుపుల పుండు ఉంటే రక్తం కారుతది. అందుకే మేం చూసే ఇస్తం."

పిల్లలిద్దరికీ పరీక్షలయ్యాయి. మహితకు లోపం లేదు. కొడుకు నవీన్‌కు ఉంది. పెళ్లి కావలసిన పిల్లవాడు, తిండి మానేసి కూర్చున్నాడు. నర్సింహమ్మ ఏడవలేదు. మా నాయనకు తెలియనిది మనకు తెలిసిందిరా, అదే మన బలం అని చెప్పి, తన పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించింది.

మిగిలింది తమ్ముడు కొమురయ్య. పొలం ప్లాట్లయ్యాక మేడ కట్టుకున్న మనిషి, పరీక్ష మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఆమె వదల్లేదు. డ్యూటీ దిగగానే వాళ్లింటికే పోయి కూర్చునేది. చివరికి అతనికి విసుగొచ్చింది.

"దేవుడు రాసినదాన్ని గోలీ తుడుస్తదా అక్కా?"

"తుడుస్తదో లేదో నాకు ఎర్క లేదు తమ్మీ. నాయినకు చెప్పెటోళ్లు లేకుండె. అన్నకు చెప్పెటోళ్లు లేకుండె. నీకు చెప్పనీకి నేనున్న. నేను బతికొచ్చింది గందుకే అనుకుంటున్న."

మర్నాడు పొద్దున్నే కొమురయ్య బండి తీసుకుని అక్క గుమ్మం ముందుకొచ్చాడు.

అతనికీ లోపం ఉంది. కెమెరా వేసి చూస్తే పేగు గోడకు చిన్న పిలక ఒకటి వేలాడుతోంది. ఇంకా గడ్డగా మారలేదు. కోత లేకుండా అక్కడికక్కడే తుంచేశారు. వదిలేసి ఉంటే ఏమయ్యేదో నిషిత చెబుతుంటే ఆ మొండి మనిషి అక్క చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాడు. పుండు లేదని తేల్చుకున్నాక, నవీన్‌కూ అతనికీ గోలీ మొదలైంది.

ఏళ్లు గడిచాయి. ఈ వేసవిలో అక్కాతమ్ముళ్లు ఒకే రోజు పరీక్షకు వెళ్లారు. ఇద్దరి పేగులూ శుభ్రంగా ఉన్నాయి. నిషిత తెర మీద బొమ్మ చూపిస్తే, గులాబీ రంగులో నున్నగా మెరుస్తున్న తన పేగును చూసి నర్సింహమ్మ పకపకా నవ్వింది. ఇంత అందంగా ఉంటదని తెలియకపాయె మేడమ్ అంది.

ఆ ఆదివారం కొమురయ్య మేడ మీద షామియానా వేయించాడు. పెద్దన్న పిల్లల్ని, తెల్లాపూర్‌లో ఉంటున్న మేనత్త కొడుకుల్ని, రక్తసంబంధం ఉన్నవాళ్లందరినీ పిలిచాడు. కూర కలపబోయిన అక్క చేతిలోంచి గరిటె లాక్కుని, ఆమెను అందరి మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. విస్తర్లు వేసే ముందు గొంతు సవరించుకుని, ఇక్కడ తిన్నవాళ్లంతా సోమవారం తనతో రక్తపరీక్షకు రావలసిందేనని ప్రకటించాడు.

ఎవరూ లేచి వెళ్లలేదు.