పాపకు పియానో చూడబోతే

పాపకు చవకలో ఒక డిజిటల్ పియానో కొందామని ఈ సాయంత్రం అనంతపురంలో ఒక ఎలక్ట్రానిక్స్ అంగడికి పోయాం. నేను ఒక కీని ముందు మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కి చూశాను. రెండుసార్లూ ఒకటే శబ్దం వచ్చింది. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

"అదే గదప్పా క్వాలిటీ. ఎట్ల కొట్టినా ఒకటే మాదిరి పలుకుతాది," అన్నాడు అంగడాయన.

నా మొహం చూసి తనే కూర్చుని ఒక పాట ఎత్తుకున్నాడు. పది వేళ్లూ కీల మీద పరుగులు పెట్టాయి. పాట ఎంత బాగుందంటే, అనవసరంగా శంకించానేమో అనుకున్నాను. అంతలో కరెంటు పోయింది.

కరెంటు రాగానే అదే పాట మళ్లీ వాయించమన్నాను. ఆయన వేలు నేరుగా మూలనున్న డెమో బటన్ మీదికి పోయింది.

"పాట దాంట్లోనే ఉండాదా అన్నా?"

"ఉండాది. ఇంగ పాప కష్టపడి నేర్చుకునే పని యాడుండాది?" అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

కొనకుండా వచ్చేశాం. నొక్కే బలాన్ని బట్టి పలికే చవక పియానో మన ఊళ్లో ఎక్కడైనా ఉంటే చెప్పండి. పాప స్కూటర్ వెనక కూర్చుని దారి పొడవునా నా వీపు మీదే వాయించుకుంటూ వచ్చింది. మెల్లగా నొక్కింది మెల్లగానే తెలిసింది, గట్టిగా నొక్కింది గట్టిగానే తెలిసింది.