సార్ బాలును ఎవరూ కొట్టరు

ఆదోనిలో మా కాలేజీ వెనక ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టుకు పొద్దున్నే ఆడడానికి వచ్చేవాళ్ళలో అందరికంటే పెద్దాయన్ని చాచా అని పిలుస్తాం. బజారులో బట్టల అంగడి ఉంది. అరవై దాటాయి. బాలు చేతికొస్తే దాన్ని నేలకు కొట్టకుండానే నాలుగడుగులు నడిచేస్తాడు, రింగు కింద నిలబడి తీరిగ్గా గురి చూసుకుంటాడు, పడేదాకా వేస్తాడు. అంతసేపూ మా కుర్రాళ్ళు చుట్టూ చేతులెత్తి అడ్డుకుంటున్నట్టు నటిస్తారు. పడగానే "వాహ్ చాచా!" అని కేకలు. ఆయన గడ్డం నిమురుకుంటూ వెనక్కి వస్తాడు. పాపం, పెద్దాయనకు తెలియదు గదా అని నేను రోజూ లోలోపల నవ్వుకునేవాణ్ణి.

నేను ఆ కాలేజీలో ఆటల మాస్టర్ని. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడాను. ఇప్పుడు యాభైకి దగ్గర పడ్డాను, పొట్ట వచ్చింది, మెట్లెక్కితే మోకాళ్ళు గోల పెడతాయి. అయినా ఎడమ పక్క నుంచి ఒక్క అడుగు వెనక్కి జరిగి వేసే నా షాటు మాత్రం చెక్కుచెదరలేదని నా నమ్మకం. మా పిల్లల్లో దాన్ని ఆపేవాడు ఇంకా పుట్టలేదని స్టాఫ్ రూములో కూడా చెప్పేవాణ్ణి. లెక్కల మాస్టారు అటు తిరిగి పేపరు చదువుకునేవాడు.

ఆ పిల్లల్లో ఒకడు హొళగుంద వైపు పల్లె నుంచి డిగ్రీ చదవడానికి వచ్చాడు. వాళ్ళ నాయనకు కొద్దిగా మెట్ట చేను. వానలు పడని ఏడు సగం ఊరు గుంటూరు మిరప కోతలకో, బెంగుళూరు కట్టడం పనులకో పోతుంది. వీడి అన్న అప్పటికే బెంగుళూరులో ఉన్నాడు. డిగ్రీ అయిపోతే వీడూ అదే బండి ఎక్కుతాడని అందరికీ తెలుసు. కానీ వాడి చేతులు చూస్తే నాకు మతిపోయేది. మోకాళ్ళ దాకా వేలాడే చేతులు. పరిగెడితే మిగతావాళ్ళు నిలబడి చూడాల్సిందే. వింగ్‌లో ఆడించాను. రింగు కింద నిలబడే పొడుగువాడికీ బాలు నడిపించే పొట్టివాడికీ మధ్య, కోర్టు పక్కల్లో ఆడేవాడే వింగ్. బాలు వేయాలి, పరిగెత్తాలి, అన్నిటికంటే ముఖ్యంగా అవతలి జట్టులో బాగా వేసేవాణ్ణి పట్టుకుని ఆపాలి. మూడేళ్ళు వాణ్ణి ఆ పనికే తయారు చేశాను.

మూడో ఏడు చివర్లో నా పాత స్నేహితుడికి ఫోన్ చేశాను. ఒకప్పుడు నాతో యూనివర్సిటీ జట్టులో ఆడినవాడు, ఇప్పుడు హైదరాబాదులో ఉంటూ కొత్తగా పెట్టిన ఒక లీగులో ఒక జట్టుకు ఆటగాళ్ళను వెతికి పెడుతున్నాడు. ఆ లీగులో జట్లు కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. వంతు వచ్చినప్పుడు ఎవరైనా పేరు పలికితే జీతం, బస, ఆట. ఎవరూ పలకకపోతే ఇంటిదారి. మావాడి విషయంలో ఇంటిదారి అంటే బెంగుళూరు దారే.

స్నేహితుడు ఒక శనివారం పొద్దున వచ్చాడు. నేను కుర్రాణ్ణి పక్కకు పిలిచి, "ఒళ్ళు దాచుకోకుండా ఆడు" అన్నాను. ఆడాడు. తోటి పిల్లల చేతుల్లోంచి బాలు లాక్కున్నాడు, ఇద్దరి షాట్లు గాల్లోనే కొట్టి పడేశాడు, దూరం నుంచి వేసినవి వేసినట్టు పడ్డాయి. నా స్నేహితుడు గోడ మీద కూర్చుని తల ఊపుతున్నాడు. అప్పుడు నాకు తోచింది, వీడు గట్టివాణ్ణి ఎలా పట్టుకుంటాడో కూడా చూపిద్దామని. అక్కడ గట్టివాడు ఎవరు? నేనే గదా. "నన్ను పట్టుకో" అన్నాను.

పాత స్నేహితుడు చూస్తున్నాడనేసరికి నాకు రెక్కలొచ్చాయి. ఎడమ పక్క, ఒక్క అడుగు వెనక్కి, షాటు. పడింది. మళ్ళీ అక్కడి నుంచే. మళ్ళీ పడింది. వాడి చేయి నా బాలు దాకా వచ్చి ఆగిపోతోంది. చాచాతో సహా అందరూ "శభాష్ సార్" అంటున్నారు. నేను గోడ వైపు తిరిగి కన్ను కూడా కొట్టాను. ఇప్పుడు తల్చుకుంటే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

ఆట అయ్యాక గేటు బయట టీ బండి దగ్గర నిలబడ్డాం. నేనూ, నా స్నేహితుడూ, బెంచీ మీద చాచా.

"షాటు బాగుంది. చేతులు దేవుడిచ్చినాడు. కానీ వద్దులేరా" అన్నాడు స్నేహితుడు.

"ఏమిటికి?"

"నిన్ను ఆపలేకపోయినాడు గదా."

నాకు నవ్వొచ్చింది. "నన్ను ఎవడాపుతాడప్పా!"

వాడు నా పొట్ట వైపు చూసి, గ్లాసు బండి మీద పెట్టాడు. "రేయ్, నువ్వు ఎగిరితే నీ బూటు కింద కాగితం గూడా దూరదు. నీ బాలు ఆపలేనోడు మా లీగులో ఎవురిని ఆపుతాడు సెప్పు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "వానికి చాతగాక కాదు, నామీద మర్యాదతో వదిలేస్తాండాడు!" అని అరిచాను. అరిచాక ఆ మాట నా చెవిన పడింది. టీ బండివాడు పాలగిన్నె కడగడంలో మునిగిపోయాడు. చాచా మాత్రం నింపాదిగా అన్నాడు.

"అచ్ఛా పిల్లోడు బేటా. నాకూ అట్లే వదుల్తాడు. నాకు తెల్సు గదా. నీగ్గూడా తెల్సనుకున్న్యా."

మూడేళ్ళు. పొద్దున్నే పళ్ళు తోముకుని, మోకాళ్ళకు పట్టీలు చుట్టుకుని వచ్చి నేను వేసిన షాట్లన్నీ చాచా షాట్లే. ఆ సిగ్గు ఒకెత్తు. నా గొప్ప చూపించుకోబోయి వాడి పేరు పలకకుండా చేశానన్నది ఇంకో ఎత్తు. స్నేహితుడి చేయి పట్టుకున్నాను. కుర్రాడు పిరికివాడు కాదన్నాను. దసరా రాత్రి దేవరగట్టు జాతరలో ఊళ్ళకు ఊళ్ళు కర్రలతో కొట్టుకునే చోట వీడూ కర్ర పట్టుకుని దిగుతాడు, పోయిన ఏడు నెత్తిన కుట్లతో కాలేజీకి వచ్చాడన్నాను.

"ఆడ ధైర్యముంటే నాకేమిరా? నా కండ్ల ముందర ఆపల్ల" అన్నాడు వాడు. చివరికి నా పోరు పడలేక ఒప్పుకున్నాడు. మర్నాడు మంత్రాలయం పోయి, సాయంత్రం ఎమ్మిగనూరు మీదుగా వస్తాడట. అక్కడ ఆట ఏదైనా ఉంటే కాసేపు నిలబడి చూస్తాడట.

ఎమ్మిగనూరు కాలేజీలో ఉన్న ఆటల మాస్టర్ని బతిమాలి ఆట పెట్టించాను. ఆ తర్వాత కుర్రాణ్ణి పిలిచి నా కోపమంతా వాడి మీద కక్కేశాను.

"నా బాలు ఎందుకు కొట్టవురా?"

తల దించుకున్నాడు. "మీ బాలు ఎట్ల కొట్టేది సార్?"

"దేవరగట్టులో ముసిలోడు ముందరుంటే కట్టె దించుతావా నువ్వు?"

"ఆడ సీకట్లో ఎవురు ఎవురో తెల్యదు సార్. ఈడ మీరని తెలుస్తాది."

డిఫెన్స్ నేర్పించాను, కాళ్ళ కదలిక నేర్పించాను, పెద్దవాళ్ళను గౌరవించమని మాత్రం నేను నేర్పలేదు. అది వాళ్ళమ్మ నేర్పింది, మా కోర్టు దాన్ని రోజూ సాన పట్టింది. "రేపు నేను అవతలి జట్టులో ఆడతా. నా బాలు కొట్టకపోతే నువ్వు నాకు శిష్యుడివే కాదు, నా మొగం సూడొద్దు" అన్నాను. వాడు సరే సార్ అన్నాడు. మా వాళ్ళు సార్ చెప్పిన దేనికైనా సరే సార్ అంటారు.

ఎమ్మిగనూరు కోర్టు నేతగాళ్ళ వీధి చివర్లో ఉంది. కోర్టు పక్కనే రంగులద్దిన నూలు కట్టెల మీద ఆరేసి ఉంది. స్నేహితుడు నుదుటన బొట్టుతో కారు దిగి, గడియారం చూసుకుంటూ గీత పక్కన నిలబడ్డాడు. నేను అవతలి జట్టులో దూరాను. బాలు నా చేతికొచ్చింది. ఎడమ పక్క, ఒక్క అడుగు వెనక్కి, షాటు.

చేయి కనిపించలేదు, చప్పుడు మాత్రం వినిపించింది. బాలు పోయి నీలం నూలు మీద పడింది. నేను వెల్లకిలా సిమెంటు మీద పడ్డాను. అంత నొప్పిలోనూ నాకు కలిగిన సంతోషం చెప్పలేను. అబ్బ, ఏం దెబ్బ కొట్టాడురా అనుకున్నాను.

నూలు కాస్తున్నామె తిట్టుకుంటూ బాలు కోర్టులోకి విసిరేసింది. గీత వెంబడి ఉన్నవాళ్ళలో ఎవరో "ఏమప్పా, సార్‌నే పడగొడ్తావా?" అన్నారు. ఎమ్మిగనూరు పిల్లలు నూలు నుంచి వచ్చిన బాలుతో ఆట మొదలుపెట్టేశారు. మావాడు ఏం చేశాడు? నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "దెబ్బ తగిల్నా సార్? తప్పయిపాయ సార్" అంటూ నా చొక్కాకు అంటిన దుమ్ము దులుపుతున్నాడు. "పోరా! బాలు అటు పోతాంది!" అని కింద నుంచే అరుస్తున్నాను. వాడు నా మోచెయ్యి చూస్తున్నాడు. అవతల వాళ్ళు రెండుసార్లు రింగులో వేసేశారు. పైకి చూస్తే స్నేహితుడు కారు తలుపు తీస్తున్నాడు. ఆ క్షణంలో కుర్రాణ్ణి ముద్దు పెట్టుకోవాలో పీక పిసకాలో నాకు తెలియలేదు.

ఆదోని బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మోచెయ్యి వాచింది. నేను కిటికీ బయట ఎండిన జొన్న చేలు చూస్తున్నాను. సగం దారిలో వాడే నోరు విప్పాడు.

"ఆ సార్ ఇంగోసారి పిలుస్తాడా సార్?"

"కాళ్ళా వేళ్ళా పడితే పిలుస్తాడేమో. హైదరాబాదులో పెద్ద ట్రయల్స్ ఉన్నాయంట. ఎందుకు?"

వాడు సీటు కమ్మీ మీద పెచ్చులు లేచిన రంగు గిల్లాడు. "మీరు రావద్దు సార్."

"ఏమిరా?"

"మీరు ఆడుంటే నాకు ఆట రాదు సార్. మిమ్మల్నే సూస్తాంటా."

తప్పుగా ఏమీ అనలేదు వాడు. ఎంతో కష్టపడి కూడబలుక్కుని నిజం చెప్పాడు. మూడేళ్ళు ఎండలో నిలబడి ఎవణ్ణి తయారు చేశానో వాడి ఆటకు అడ్డం నేనే. సరేలేరా అన్నాను. ఆదోని వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

స్నేహితుణ్ణి ఎన్ని రకాలుగా బతిమాలానో చెప్పుకుంటే పరువు తక్కువ. వాడు విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. కుర్రాడు ఒక్కడే రైలెక్కాడు. స్టేషనుకు కూడా నేను పోలేదు.

ట్రయల్స్ జరిగే పొద్దున మామూలుగానే మా కోర్టుకు పోయాను. మోచెయ్యి ఇంకా పూర్తిగా సాగడం లేదు. మొదటి ఏడు చదివే కొత్త పిల్లవాడు నన్ను పట్టుకున్నాడు. అలవాటు చొప్పున ఎడమ పక్క నుంచి వేశాను. పడింది. "శభాష్ సార్!" అన్నారందరూ. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఎందుకు వదిలినావురా?" అని వాడి మీదికి పోయాను.

వాడు బిత్తరపోయాడు. "లేదు సార్. నిజంగానే అందలేదు సార్."

వాడి మొహంలోకి ఎంతసేపు చూసినా ఏమీ తెలియలేదు. చాచా వచ్చి నా భుజం తట్టి, "ఆడుకో బేటా" అన్నాడు. నేను పోయి గోడ మీద కూర్చున్నాను. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నాను. ఫోన్ మోగింది.

"రేయ్, నీవాడు మా కెప్టెన్‌ను ఆడనీలేదు" అన్నాడు స్నేహితుడు, పలకరింపు కూడా లేకుండా. "ఆయప్ప దేశానికి ఆడినోడు. ఆయప్ప బాలు గాల్లోనే గోడకేసి కొట్టినాడు. ఆయప్ప కింద పడితే తిరిగి గూడా సూడ్లేదు, బాలెంట పరిగెత్తినాడు. మా వంతు వస్తే వాని పేరే పలుకుతా. ఇంగెవురూ ముందరే ఎత్తుకుపోకపోతే సాలు."

గోడ మీద చేయి ఆనించుకున్నాను.

"నువ్వెందుకు రాలేదురా?" అన్నాడు వాడు. "సూడాల్సిన దెబ్బ అది."

"కాలేజీలో పనుండె."

"ఆదివారం పూట ఏం పనిరా నీకు?"

వాడికేం చెప్పను? మూడేళ్ళుగా నేను చూడాలనుకున్నది ఆ ఒక్క దెబ్బే. నేను లేను కాబట్టే వాడు కొట్టాడు. తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేసి, చాచా బాలు వేసేదాకా ఆగి, ఇంటికి బయల్దేరాను.