పదునున్న కత్తి

బొబ్బిలి యుద్ధం జరిగిన తేదీన ఏటా కోట దగ్గర దాన్ని ఆడి చూపిస్తారని బస్సెక్కాను. పక్క సీటువాడు మూట విప్పి, ఒక్కో ఇనపకత్తీ తీసి తన ముంజేతికి రాసుకుంటున్నాడు.

"ఏటిరా ఆ పిచ్చిపని?" అన్నాను.

"ఆటకని కత్తులన్నీ మొద్దు సేసీసినాం, తాతా. దసరాకి పూజసేసే కత్తిని మొద్దు సెయ్యకూడదని ఒగ్గీసినారు. అదీ ఈట్లోనే కలిసిపోనాది."

"ఐతే ఏటి?"

"ఆకర్ని కోట పడిపోతాది. ఆడోళ్లు, పిల్లలు శత్రువుకి సిక్కకుండా మేవే నరికీయాల. నాను నరికేది నా కూతుర్నే. ఏడేళ్లు దానికి."

ఆరో కత్తికి ముంజేతిమీద ఎర్రటి గీత లేచింది. ఆ కత్తిని నా తువ్వాలులో చుట్టి నా ఒళ్లో పెట్టాడు.

"ఆటయ్యేదాకా నీకాడే ఉంచు. నానడిగినా ఇవ్వకు."

మధ్యాహ్నం ఆ పిల్ల తండ్రి ముందు మోకాళ్లమీద కూర్చుంది. అతను కత్తి ఎత్తాడు. అసలుది నా ఒళ్లో ఉందని తెలిసీ తువ్వాలు తడిమి చూసుకున్నాను. పిల్ల పడిపోయింది. జనమంతా చప్పట్లు కొట్టారు.

"కొట్టవేటి, తాతా?" అని పక్కనున్న ఆడమనిషి దెప్పింది.

పిల్ల ఇంకా లేవలేదు. నా రెండు చేతులూ కత్తిమీదే ఉన్నాయి.