సైరనక్క కుర్చీ

సైరనక్కకు ఆ పేరు పెట్టింది నేనే. అప్పట్లో ఆవిడ అంబులెన్సులో పారామెడిక్. ఆస్పత్రి చేరేలోపు మనిషి చేజారిపోకుండా చూసుకునే ఉద్యోగం. ఒకరోజు లోపల రోగి ఉండగా, బజారు నడిమధ్యలో బండి సైరన్ మూగబోయింది. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు, ఎవడూ కదలడం లేదు. అక్క కిటికీలోంచి సగం బయటికి వచ్చి, "జరగండర్రా! లోపల ప్రాణముంది!" అని ఒక్క కేక వేసింది. ముందున్న సిమెంటు లారీ ఏకంగా ఫుట్‌పాత్ ఎక్కేసిందట. ఆ కేక వైర్‌లెస్ సెట్లోంచి మా కంట్రోల్ రూమ్ దాకా వచ్చింది. నా చేతిలోని టీ నా చొక్కా మీద పడింది. "అమ్మో, అది గొంతా సైరనా!" అన్నాను. అంతే, పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు ఆవిడ సొంత తమ్ముడి పిల్లలు కూడా సైరనత్తా అనే పిలుస్తారు.

నేను కంట్రోల్ రూమ్‌లో బండ్లు తిప్పే మనిషిని. జిల్లా మొత్తానికి ఏ బండి ఎక్కడుందో నా ముందున్న తెర మీద కనిపిస్తుంది. బండ్లు సరిపడా ఉంటాయనుకునేరు, ఎప్పుడూ ఉండవు. చాలని దుప్పటి కప్పుకున్నట్టే మా బతుకు. ఒక బండి రోగి కోసం వెళ్లిందంటే, పక్క పేటలో ఉన్నదాన్ని కొంచెం ఇటు జరపాలి. అప్పుడు అటువైపు ఖాళీ పడుతుంది, ఇంకోదాన్ని లాగాలి. రోజంతా ఇదే లాగుడు. మధ్యలో ఎవరో ఫోన్ చేసి మా వీధి దీపం వెలగడం లేదంటాడు. వాడికి మర్యాదగా జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. నా ముక్కు మీద కోపం సంగతి ఆఫీసులో అందరికీ తెలిసిందే కనుక అలాంటి ఫోన్లు నా దగ్గరికి రానివ్వరు. ఫోన్లు ఎత్తేది పక్క కుర్చీ. ఆ కుర్చీలోకే అక్క వచ్చి పడింది.

పడింది అనే అనాలి, ఇష్టపడి రాలేదు. ఇరుకు మెట్ల మీద భారీ మనిషిని స్ట్రెచర్‌తో దింపుతుంటే ఆవిడ నడుము పట్టేసింది. డాక్టర్లు చూసి, ఇక జన్మలో బరువు ఎత్తకూడదని తేల్చేశారు. పై ఆఫీసు వాళ్లు, సరే, కుర్చీలో కూర్చుని ఫోన్లు తీసుకో అన్నారు. మొదటిరోజు ఆవిడ కుర్చీ అంచునే కూర్చుంది, ఇప్పుడే లేచి వెళ్లిపోయేదానిలా.

ఇక ఆవిడ నిర్వాకం చెప్పాలి. ఆ మొదటిరోజే, ఎవరో పెద్దాయనకు ఊపిరి అందడం లేదని ఫోన్ వచ్చింది. అక్క వివరాలన్నీ చక్కగా అడిగింది. నేను బండి పంపించాను. ఇంతలో ఆవిడ "వచ్చేస్తున్నాం!" అని లేచి తలుపు వైపు పరుగు! చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్ తీగ ఉండనే ఉంది. అది సాగి, దాంతోపాటు ఫోన్ పెట్టె, దాని మీదున్న నా మజ్జిగ సీసా నేల మీదకొచ్చాయి. అక్క మెట్ల దాకా వెళ్లి, ఆగి, నెమ్మదిగా వెనక్కి వచ్చింది. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. రెండోసారి తీగే తెగింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అవతల ఒక తల్లి మాట్లాడుతుండగానే లైను పోయింది.

మా ఇన్‌ఛార్జిని వెనకాల బొజ్జ సారు అంటాం. ఒక్క అంతస్తు దిగాలన్నా లిఫ్టు కోసం నిలబడే మనిషి. ఆయన అక్కను పిలిచి నా ఎదురుగానే చెప్పాడు.

"చూడమ్మా, నువ్వంటే నాకు గౌరవం. కానీ ఫోన్ నడుస్తుండగా ఇంకొక్కసారి కుర్చీలోంచి లేచావా, స్టోర్‌కి పంపించేస్తాను. అక్కడ బ్యాండేజీలు సర్దుకుంటూ కూర్చో."

సారు వెళ్లాక అక్క నాతో అంది, "స్టోర్‌కైతే నేను పోనురా. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటా. అయినా ఇక్కడ మాత్రం నేనేం ఉద్ధరిస్తున్నాను? నా పనంతా చేతుల్లో ఉండేది. నోటితో ఎవరిని బతికిస్తాను చెప్పు?"

"నీ నోటికి సిమెంటు లారీలే పక్కకు తప్పుకున్నాయి కదక్కా," అన్నాను. అక్క నవ్వలేదు.

ఆ తర్వాత వారం ఒక పొద్దున జరిగిందే నేను చెప్పాలనుకుంటున్నది. తల్చుకుంటే ఇప్పటికీ నాకు కూర్చోబుద్ధి కాదు. ఆరోజు బండ్లన్నీ బయటే ఉన్నాయి. మా గేటు ముందు ఎప్పుడూ నిలిచి ఉండే బండిని కూడా రైల్వే గేటు అవతలికి నేనే జరిపాను, అటు మొత్తం ఖాళీ పడిందని. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ మోగింది. ఫోన్ పెట్టె స్పీకర్లో అవతలి మాటలు నాకూ వినిపిస్తాయి.

ఎవరికైనా ఏమైందని అడగడానికి ముందు ఎక్కడున్నారని అడగాలి. అది మా మొదటి పాఠం. లైను తెగిపోయినా బండి వెళ్లడానికి చోటు తెలియాలి కదా.

"చెప్పండి, ఎక్కడున్నారు?"

"లాండ్రీ అండీ! మీ ఆఫీసు ఎదురుగా ఉండే లాండ్రీ! మా మావయ్య పడిపోయారు!"

అక్క, నేను ఒకేసారి కిటికీ వైపు తిరిగాం. రోడ్డుకు అవతల, నీలం రేకుల షెడ్డు. మా అంబులెన్సుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసేది వాళ్లే. రోజూ ఆ మూట భుజాన వేసుకుని వచ్చి, "ఇవాళ ఎంతమందిని బతికించారర్రా?" అని మమ్మల్ని ఆటపట్టించే ఇస్త్రీ మాస్టారే ఆ మావయ్య. ఫోన్లో ఉన్నది ఆయన కోడలు.

"ఊపిరి పీలుస్తున్నారా అమ్మా?"

"ఆఁ, పీలుస్తున్నారు. గురక పెడుతున్నట్టు... ఉండుండి నోరు తెరుస్తున్నారు."

అక్క మొహం మారిపోయింది. "అది ఊపిరి కాదమ్మా. గుండె ఆగినప్పుడు అలాగే ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన పక్కన పెట్టు. వెల్లకిలా నేల మీద పడుకోబెట్టు."

నేను రైల్వే గేటు బండిని వెనక్కి పిలిచాను. సెట్లో డ్రైవర్, "గేటు పడిందన్నా, రైలు పోవాలి!" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బండిని అటు పంపింది నేనే కదా! తిట్టుకోవడానికి కూడా వ్యవధి లేదు, ఇంకో బండి కోసం తెరంతా వెతుకుతున్నాను.

పక్కకు చూస్తే అక్క లేచి నిలబడి ఉంది. ఒక చెయ్యి బల్ల మీద, కళ్లు కిటికీలో. తీగ బిగిసిపోయింది. జిల్లా మొత్తంలో అంత మంచి చేతులు ఇంకొకరికి లేవు, మనిషేమో రోడ్డుకవతలే పడి ఉన్నాడు! బొజ్జ సారు తన గది గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు. వద్దని అనలేదు, వెళ్లమనీ అనలేదు. నేను కూడా వెళ్లక్కా అనబోయాను. నిజం, నాలుక చివరిదాకా వచ్చింది.

అక్క నోట మాట ఆగింది. ఆగింది రెండు క్షణాలే. స్పీకర్లోంచి ఆ పిల్ల గొంతు ఎలా వచ్చిందంటే, చీకట్లో అమ్మ చెయ్యి వదిలిపోయిన పసిపిల్ల అరిచినట్టు.

"అక్కా! ఉన్నారా? పోయారా? అక్కా!"

అక్క కూర్చుంది. "ఉన్నానమ్మా. ఇక్కడే ఉన్నా, ఎక్కడికీ పోను. ఛాతీ మధ్యలో అరచెయ్యి పెట్టు. దాని మీద రెండో చెయ్యి. మోచేతులు వంచకు. నీ బరువంతా వేసి నొక్కు, వదులు. నాతో పాటు. ఒకటి, రెండు, మూడు, నాలుగు!"

అలా లెక్కపెడుతూనే గోడకున్న ఎర్ర పెట్టె వైపు వేలు చూపించింది. ఆగిన గుండెకు షాకిచ్చే యంత్రం అందులోనే ఉంటుంది. ఆవిడ చూపించింది నాకని నేను లేచేలోపే, పెట్టె గోడ మీద లేదు. బొజ్జ సారు దాన్ని చంకన పెట్టుకుని మెట్లు దిగిపోతున్నాడు. మెట్లు! లిఫ్టు వైపు చూడనైనా లేదు!

ఇటు అక్క అరచేత్తో బల్ల మీద చరుస్తోంది. ఒక్కో దెబ్బకు నా కప్పు గెంతుతోంది. అటువైపు ఆ పిల్ల రొప్పుతోంది.

"అక్కా! టక్కుమంది! ఎముక విరిగింది అక్కా!"

"విరగనీ! ఎముకైతే అతుక్కుంటుంది. ఆపకు! ఒకటి, రెండు!"

"చేతులు పడిపోతున్నాయి..."

"నా చేతులున్నాయి కదా. నొక్కు తల్లీ! ఇద్దరం నొక్కుదాం! మూడు, నాలుగు!"

కిటికీలోంచి చూస్తే మా సారు రోడ్డు దాటుతున్నాడు. రెండు చేతులా పెట్టె ఎత్తి పట్టుకుని, బస్సును ఆపి, ఆటోను తిట్టి, పరుగో పరుగు. ఒక బూటు రోడ్డు నడిమధ్యలో ఉండిపోయింది. ఆయన దానికోసం ఆగలేదు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కేకలు వేశాను, "పరిగెత్తండి సార్! పరిగెత్తండి!" మూసి ఉన్న కిటికీ అద్దంలోంచి ఆయనకేం వినిపిస్తుంది?

తర్వాత అంతా స్పీకర్లో వినిపించిందే. సారు గొంతు, చొక్కా చింపిన చప్పుడు, ఏం చెయ్యాలో చెప్పే యంత్రం మాటలు. "అందరూ చేతులు తియ్యండి," అని అక్క అరిచింది. బల్ల మీద తన చెయ్యి కూడా పైకెత్తింది. ఆ సంగతి ఆవిడకు తెలియనే తెలియదు. షాక్ కొట్టింది. "మళ్లీ నొక్కు తల్లీ. ఒకటి, రెండు." కాసేపటికి స్పీకర్లో ఎవరో గట్టిగా దగ్గారు.

ఆ దగ్గు ఇస్త్రీ మాస్టారిది.

రైలు పోయింది, గేటు లేచింది, బండి వచ్చింది. మాస్టారిని ఎక్కించుకుని సైరన్ మోగిస్తూ వెళ్లింది. గదిలో అందరం అరిచాం, ఒకరినొకరు గుద్దుకున్నాం. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. సారు ఒక కాలికి బూటుతో ఆయాసపడుతూ పైకి వచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

"ఆ పిల్ల నన్నేం అడిగిందో తెలుసా? నా పక్కన కూర్చుని నొక్కిన అక్క ఏదండీ, ఇందాకటిదాకా ఇక్కడే ఉంది కదా, అని అడిగింది. షెడ్డంతా వెతికిందమ్మా నీకోసం."

అక్క తన అరచెయ్యి చూసుకుంది. కందిపోయి ఉంది. అంతలోనే నా మీద కసిరింది, "నీ కప్పు పక్కకు పెట్టుకోరాదూ, చప్పుడు చేస్తోంది!"

కొన్నాళ్లకు ఆ కోడలు ఉతికిన దుప్పట్ల మూట తనే మోసుకుని పైకి వచ్చింది. మణికట్లకు కట్లు, చేతుల నిండా ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. మావయ్య ఇంటికొచ్చారు, పక్కటెముకలు నొప్పంటూ నన్ను రోజంతా తిడుతున్నారు, అని సంబరంగా చెప్పింది. "ఆ అక్క ఎవరు?" అంది. నేను పక్క కుర్చీ చూపించాను. అక్క ఫోన్లో ఉంది, అటు తిరిగి కూర్చుంది. ఎక్కడో ఎవరికో పురిటినొప్పులు, ఇంట్లో తోడు ఎవరూ లేరు.

ఆ పిల్ల మూట దించి, వెళ్లి అక్క కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. బల్ల మీదున్న ఆవిడ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అక్క ఒక్కసారి కిందికి చూసింది. ఎవరో అర్థమైంది. కళ్లు నిండాయి. లేవలేదు, చెయ్యీ తీసుకోలేదు.

"ఉన్నానమ్మా," అంది ఫోన్లోకి. "ఇక్కడే ఉన్నా. ఎక్కడికీ పోను."