మామ కుర్చీలో మేనేజరు

మా మేనమామకు చిన్నప్పుడే పోలియోతో కాళ్ళు చచ్చుబడ్డాయి. చేతులతోనే నడిపేలా మార్పించుకున్న ఎలక్ట్రిక్ కారులో నంద్యాల నుంచి కడప దాకా తిరిగేవాడు. ఎవరైనా జాలిపడితే చాలు, "నువ్వు కూచోని సూడప్పా" అంటూ తన చక్రాల కుర్చీని వాళ్ళ ముందుకు తోసేవాడు.

ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. ఆళ్లగడ్డ చేరేసరికి బ్యాటరీ అడుగంటింది. అక్కడ ఒక హోటల్ ముందున్న ఛార్జింగ్ మిషను మోకాలెత్తు గట్టు మీద ఉంది. కుర్చీలోంచి మామ ఎంత చెయ్యి చాచినా కేబుల్ అందలేదు. హోటల్ మేనేజరు పరుగున వచ్చాడు.

"నీకెందుకన్నా కష్టం? నేను పెడ్తా గదా!"

"రేపు నువ్వు లేనప్పుడొస్తే?" అంటూ మామ కారు సీట్లోకి జరిగి, ఖాళీ కుర్చీ చూపించాడు. "నువ్వు కూచోని సూడప్పా."

మేనేజరు నవ్వుతూ కూర్చున్నాడు. చక్రాలు గట్టుకు తగిలి ఆగాయి. ముందుకు వంగితే కుర్చీ వెనక్కి జారింది. దోసెలు తినేవాళ్ళు ప్లేట్లతో సహా బయటికొచ్చి చూశారు. చెమటలు పట్టి అతను లేవబోతే మామ గట్టిగా హారన్ కొట్టాడు.

"లేయకూడదు. నేను లేస్తాండానా?"

మరుసటి నెలకు ఆ గట్టుకు సిమెంటు వాలు వచ్చింది. మళ్ళీ ఇద్దరం వెళ్ళినప్పుడు మామ కుర్చీలో పైకెళ్ళి, తన చేత్తోనే కేబుల్ అందుకున్నాడు. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

"పా మామా, దోసె తిందాం," అన్నాను.

"నువ్వు తినేసి రాపో. లోపలికి మూడు మెట్లుండాయి." మామ గొంతు తగ్గించి కన్నుగీటాడు. "ఆ మాట వచ్చే నెల చెప్తా. అన్నీ ఒకేసారి చెప్తే పాపం, బెదురుకుంటాడు."